పొలాల మందు నీళ్లు మంచినీళ్ల చెరువులోకి వస్తుంటే: చట్టం ఎవరిమీద, పని ఎక్కడ మొదలుపెట్టాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది గుంటూరు జిల్లా డెల్టాలో, పొన్నూరు దగ్గర ఊరు. ఊరి మంచినీళ్ల చెరువుని కాలువ నుంచి నింపుతారు. చెరువు తూముకి కాస్త ఎగువన పొలాల మురుగు బోదె ఒకటి గట్టు తెగి కాలువలో కలుస్తోంది. పోయిన ఆగస్టులో చెరువు నింపిన మూడో రోజు చేపలు తేలాయి, నీళ్లకి మందు వాసన వచ్చింది. ఒక ఆఫీసుకి వెళ్లి చెబితే ‘ఫ్యాక్టరీ అయితే చెప్పండి, పొలాలు మా పని కాదు’ అన్నారు. పొలం నుంచి వచ్చే కాలుష్యానికి చట్టం ఉందా, ఉంటే ఎవరిమీద పెట్టాలి?

నేను 31 ఏళ్లు మురుగు కాలువల పనుల్లో ఇంజనీరుగా ఉన్నాను. నల్లమడ, తుంగభద్ర డ్రెయిను, భట్టిప్రోలు డ్రెయిను గట్ల మీద ఎన్నిసార్లు నడిచానో లెక్క లేదు. రిటైరై ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. మీ ఊరి సంగతి లాంటివి చాలా చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఆ ఆఫీసులో మీకు చెప్పింది సగమే నిజం. 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టంలో మీకు పనికొచ్చేవి రెండు సెక్షన్లు. మురుగు నీళ్లు బయటికి వదిలే పరిశ్రమగానీ, అలాంటి మరే పనిగానీ ముందుగా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలని 25వ సెక్షను చెబుతుంది. దాన్నే కన్సెంట్ అంటారు. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు అని పరిశ్రమల్ని విడదీసిన పట్టికల్లో వరి సాగూ లేదు, మిరప సాగూ లేదు. కాబట్టి రైతుకి కన్సెంట్ అక్కర్లేదు. మీకు చెప్పింది ఇంతవరకే.

24వ సెక్షను వేరు. విషపదార్థాన్నిగానీ, కాలుష్యం చేసే దేన్నయినాగానీ, తెలిసీ, నేరుగానైనా చాటుగానైనా నీటి వనరులోకి పోనివ్వకూడదు అంటుంది అది. అందులో ఉన్నది ‘ఏ వ్యక్తీ’ అన్న మాట. పరిశ్రమ అన్న మాట లేదు. నీటి వనరు అంటే ఏమిటో కూడా అదే చట్టంలో ఉంది. నది, వాగు, మనిషి తవ్విన కాలువ, చెరువు, నేల కింద నీరు అన్నీ వస్తాయి. కాబట్టి మీ కాలువ, మీ చెరువు చట్టం పరిధిలోనివే.

చిక్కంతా ‘తెలిసీ’ అన్న మాట దగ్గరుంది. నా సర్వీసులో ఒకసారి ఇలాంటి ఫిర్యాదు మీద ఓ మురుగు బోదె వెంబడి మొదటి నుంచి చివరిదాకా నడిచాను. రెండున్నర కిలోమీటర్ల బోదె, అటూ ఇటూ అరవై పైచిలుకు మడులు. ప్రతి మడికీ గట్టు మీద ఒక గండి, ప్రతి గండి నుంచీ సన్నగా నీళ్లు. ఏ ఒక్కరి నీళ్లూ చేపని చంపేంత లేవు, అందరివీ కలిస్తే ఉన్నాయి. తిలా పాపం తలా పిడికెడు. చట్ట ప్రకారం నమూనా తీయాలంటే మండలి అధికారి రావాలి, ఆ స్థలం ఎవరిదో వాళ్లకి నోటీసు ఇవ్వాలి, వాళ్ల ఎదుటే తీసి రెండు భాగాలు చేసి సీలు వేయాలి. ఇది 21వ సెక్షను. ఫ్యాక్టరీకి గొట్టం ఒకటుంటుంది, గేటు ఒకటుంటుంది, ఓనరు ఒకడుంటాడు. అరవై గండ్లకి ఈ తంతు ఎవరు చేస్తారు? చేసేలోపు నీళ్లు సముద్రం చేరతాయి.

ఇది మన దగ్గరి లోపం ఒక్కటే కాదు. అమెరికాలో 1972లో నీటి చట్టం తెచ్చి, గొట్టంలోంచి వదిలే ప్రతివాడికీ పర్మిట్ పెట్టారు. 1977లో దాన్ని సవరించి, సాగు పొలాల నుంచి తిరిగొచ్చే నీటికి ఆ పర్మిట్ అక్కర్లేదని మినహాయించారు. పొలాన్ని ఫ్యాక్టరీ గజంతో కొలవలేమని వాళ్లకీ తెలిసొచ్చింది. అయితే అక్కడితో వదిలెయ్యలేదు. కాలిఫోర్నియా రాష్ట్రం తన సొంత చట్టం కింద 2003 నుంచి ఇంకో దారి పట్టింది. ఒక్కో రైతునీ పట్టుకోకుండా, ఒకే వాగులోకి నీరు పోయే రైతులంతా సంఘంగా చేరాలంది. ఎకరానికి ఇంతని చందా వేసుకుని, వాగు దిగువన నమూనాలు సంఘమే తీయించాలి. మూడేళ్లలో ఒకటికి మించి సార్లు హద్దు దాటితే, ఏ మందు వల్ల వచ్చింది, ఎలా తగ్గిస్తారు అన్న ప్రణాళిక సంఘమే రాసివ్వాలి. సంఘంలో చేరనివాడు విడిగా తన లెక్కలు తానే చూపించుకోవాలి. ఎక్కువమంది సంఘంలోనే చేరారు.

మన నేలకి ఇంకా దగ్గరగా ఉండే అనుభవం ఒకటుంది, అదీ వరి గురించే. 1980ల మొదట్లో అక్కడి శాక్రమెంటో లోయలో వరి మడుల్లో వాడే మోలినేట్ అనే కలుపు మందు మురుగు కాలువల్లో కార్ప్ చేపల్ని చంపింది. థయోబెన్‌కార్బ్ అనే ఇంకో మందు నదిలో కలిసి, శాక్రమెంటో పట్నం కుళాయి నీళ్లు చేదెక్కాయి. వాళ్లు మందుని వెంటనే నిషేధించలేదు. మందు వేశాక మడిలో నీళ్లు ఇన్ని రోజులు బయటికి వదలకూడదని గడువు పెట్టారు. ఆ గడువుని కొన్ని రోజులతో మొదలుపెట్టి, ఏటా పెంచుతూ నాలుగు వారాల దాకా తీసుకెళ్లారు. ఎండకి, మట్టికి, సూక్ష్మజీవులకి మందు మడిలోనే విరిగిపోయింది. నదిలోకి చేరే మందు 90 శాతానికి పైగా తగ్గింది. ఇన్నేళ్ల నా అనుభవంతో చెబుతున్నాను, మన డెల్టాకి కావలసిన నియంత్రణ ఇదే. ఎవరు ఏ మందు వేశారన్న గొడవ కంటే, మడిలో నీళ్లు ఏ రోజు బయటికి వదిలారన్నది ముఖ్యం.

ఎందుకో మన లెక్కల్లోనే చూడండి. ఎకరం మడిలో 5 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే సుమారు 2 లక్షల లీటర్లు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే దాదాపు 20 కిలోల 700 గ్రాములు. ఆ బస్తాని నిలిచిన నీళ్లలో చల్లితే, మొదట్లో లీటరుకి సుమారు 100 మిల్లీగ్రాముల నత్రజని ఉన్నట్టు. యూరియా నీళ్లలో కరిగి అమ్మోనియాగా మారటానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ మొదటి వారంలోనే నీళ్లలో అది ఎక్కువగా ఉంటుంది, తర్వాత మట్టికి పట్టుకుంటుంది, కొంత పైరు తీసుకుంటుంది, కొంత గాల్లోకి పోతుంది. చల్లిన మర్నాడు ‘నీళ్లు ఎక్కువైనాయి’ అని రైతు సగం నీళ్లు వదిలాడంటే, అర బస్తాకి దగ్గరగా బోదెలో పోసినట్టు. అదే ఎనిమిదో రోజు వదిలితే పోయేది అందులో కొద్ది భాగమే. మీ చెరువులో చేపకి మర్నాటి నీళ్లే ప్రమాదం, రైతు జేబుకి కూడా.

దీనికి మన వ్యవసాయ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్న మాటే ఉంది. మడిలో నీళ్లు తీసేసి, బురద పదునులో యూరియా చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలచగా నీళ్లు పెట్టమంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. నీళ్లు తీయాల్సింది యూరియా చల్లకముందు. చాలామంది తారుమారు చేస్తారు. ముందు చల్లి, తర్వాత ఎక్కువైందని తీస్తారు. పైన ఉన్నవాడు యూరియా చల్లాక తీసిన నీళ్లే కింద ఉన్నవాడికి ‘బలం నీళ్లు’ అని కొందరు సరదాపడటమూ చూశాను. ఆ బలం అక్కడితో ఆగదు, మురుగు బోదె దాకా వస్తుంది.

దమ్ము నీళ్ల సంగతి కూడా ఇంతే. ఆఖరి దమ్ములో డీఏపీ వేసి, నాటే ముందు నీళ్లు ఎక్కువున్నాయని ఎర్రటి బురద నీళ్లు వదిలేస్తారు. ఆ ఎరువులోని భాస్వరం నీళ్లలో కంటే బురదలోనే ఎక్కువ పోతుంది. మట్టి రేణువుకి పట్టుకుని ఉంటుంది అది. ఆ బురద చెరువు చేరితే రెండు నెలల తర్వాత పచ్చటి నాచు రూపంలో కనపడుతుంది.

కలుపు మందులకి, మడిలో చల్లే పురుగు మందు గుళికలకి వారానికి తగ్గకుండా నీళ్లు ఆపాలని నా సలహా. డబ్బా మీద, గుళికల సంచి మీద అంతకంటే ఎక్కువ రాసి ఉంటే అదే పాటించాలి. కార్టాప్ లాంటి గుళికలు, పైరెత్రాయిడ్ రకం మందులు చేపకీ రొయ్యకీ చాలా ప్రమాదం. వరి అయ్యాక దున్నకుండా వేసే మొక్కజొన్న మన పశ్చిమ డెల్టాలో బాగా పెరిగింది. ఆ పొలాల్లో వాడే అట్రజిన్ నీళ్లతోపాటు సులువుగా కదిలే కలుపు మందు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో దాని హద్దు లీటరుకి 2 మైక్రోగ్రాములే. కాబట్టి ఖరీఫ్ అయిపోయింది, ఇక ఫర్వాలేదని అనుకోవద్దు. వేసవి కోసం చెరువు నింపుకునే ఆఖరి తడి కూడా ఆ మొక్కజొన్న కాలంలోనే వస్తుంది.

వర్షం మాటేమిటని మీరు అడగొచ్చు. అల్పపీడనం పట్టి ఒక్క రోజులో 10 సెంటీమీటర్లు పడితే ఏ రైతూ నీళ్లు ఆపలేడు, ఆపమని అడగటం న్యాయం కూడా కాదు. గట్టు జానెడు ఎత్తు ఉంచి, మడిలో ఎప్పుడూ పలచగా నీళ్లు పెట్టుకుంటే మామూలు వానని మడే పట్టుకుంటుంది. తుపాను కబురు వచ్చినప్పుడు ఎరువు, మందు వాయిదా వేసుకోవటం రైతు చేతిలో ఉన్న పనే.

ఇప్పుడు మీ కాలువ గట్టు గండి. ఇది చెప్పేటప్పుడు నాకు బాధగా ఉంటుంది. ముంపు వచ్చినప్పుడు మురుగు త్వరగా దిగాలని కాలువ గట్టుకి గండి కొట్టటం, తగ్గాక పూడ్చకుండా వదిలేయటం మన డెల్టాలో చాలాచోట్ల జరిగింది. నా హయాంలోనూ ఒకచోట అలా గండి కొట్టించాం. పైరు బతికింది. పూడ్చే పని ఎస్టిమేట్ల మధ్య రెండేళ్లు తిరిగింది. ఆ రెండేళ్లూ దిగువన ఒక ఊరు ఆ నీళ్లే చెరువుకి పట్టుకుంది. ఆ రోజు గండి కొట్టమని చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను, పూడ్పించటానికి సరిగా పోరాడలేదు. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను, మొట్టమొదట ఆ గండి. మురుగు కాలువ వేరు, సాగు కాలువ వేరు. రెండూ కలవకుండా మురుగుని కాలువ అడుగున పైపులోంచి దాటించే ఏర్పాటు మీ దగ్గర ఒకప్పుడు ఉండే ఉంటుంది, పూడిపోయి ఉంటుంది. అది బాగుచేయిస్తే సగం సమస్య తీరుతుంది.

దీనికి మీకు కాలుష్యం కేసు అక్కర్లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద, నదికో కాలువకో ప్రజలకి హాని చేసే అడ్డంకి లేదా ఉపద్రవం ఉంటే తొలగించమని ఆర్డీఓ స్థాయి మేజిస్ట్రేట్ ఆదేశం ఇవ్వొచ్చు. పాత సీఆర్‌పీసీలో ఇదే 133వ సెక్షను. ఊరి నుంచి పదిమంది సంతకాలతో, గండి ఫొటోలతో, చెరువు తాగునీటిదని పంచాయతీ తీర్మానం జతచేసి అర్జీ పెట్టండి. ఇందులో ఏ రైతునీ దోషిగా నిలబెట్టనక్కర్లేదు, అదే దీని సుఖం. పక్క ఊరి రైతుతో రేపు పెళ్లికీ చావుకీ కూర్చోవాల్సిన మనం, కేసుతో మొదలుపెడితే పని చెడుతుంది.

ఇక ‘తెలిసీ’ అన్న మాట సూటిగా వర్తించే చోటు ఒకటుంది. స్ప్రేయర్లు కాలువలో కడగటం. మిరప, పత్తి మండలాల్లో రోజూ కనపడే దృశ్యం. మందు కొట్టొచ్చి ట్యాంకులో మిగిలింది కాలువలో వంచి, అక్కడే డబ్బా కడిగి, ఖాళీ సీసా నీళ్లలో వదిలేస్తారు. లెక్క చూస్తే గుండె జారుతుంది. మోనోక్రోటోఫాస్ 36 శాతం మందునే తీసుకోండి. 2023లో కేంద్రం దాన్ని ఆపుతూ ఆదేశం ఇచ్చింది, ఇక్కడ లెక్క కోసమే చెబుతున్నాను. ఒక మిల్లీలీటరులో 360 మిల్లీగ్రాముల విషం ఉంటుంది. తాగునీటిలో దాని హద్దు లీటరుకి 1 మైక్రోగ్రాము. అంటే సీసా అడుగున మిగిలే ఒక్క మిల్లీలీటరుని హద్దు దాకా పలచన చేయాలంటే 3 లక్షల 60 వేల లీటర్ల నీళ్లు కావాలి. పదెకరాల చెరువు 3 మీటర్ల లోతున్నా 12 కోట్ల లీటర్లే. సీసాలో అడుగంటిన మందు ఎంత దూరం పోతుందో మీరే చూడండి.

ఇది అరవై మడుల సన్న నీళ్ల లాంటిది కాదు. ఒక మనిషి, ఒక చోటు, ఒక పని, చూసిన సాక్షులు. 24వ సెక్షను దీనికి సరిపోతుంది. ఊరి చెరువునో ప్రజల నీటినో కావాలని పాడుచేస్తే భారతీయ న్యాయ సంహిత 279వ సెక్షను ఉంది, పాత ఐపీసీలో 277. అయినా ముందు కేసు వద్దు. కాలువకి దూరంగా ఒక కుళాయి, కింద ఇసుక గుంట పెట్టి, స్ప్రేయర్లు అక్కడే కడగాలని పంచాయతీ తీర్మానం చేయాలి. డబ్బాని మూడుసార్లు కడిగి ఆ నీళ్లు మళ్లీ స్ప్రే ట్యాంకులోనే పోసి పైరు మీద కొట్టమని చెప్పాలి. ఆ తర్వాత కూడా కాలువలో కడిగినవాడి సంగతి వేరు. మందు కొనే కొట్టు దగ్గరే ఈ మాట బోర్డుగా రాయిస్తే ఇంకా బాగుంటుంది, రైతు సలహా వినేది ఎక్కువగా అక్కడే.

నీళ్లు వదిలే రోజు నియమం ఎవరు పెట్టాలి? నా దృష్టిలో నీటి సంఘం. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం కింద ఈ సంఘాలు వచ్చాయి. కాలువ బాగోగులతోపాటు పొలం మురుగు బోదెల నిర్వహణ కూడా వాటి పనుల్లో ఉంది. చాలా సంఘాలకి ఆ రెండో సగం గుర్తే ఉండదు. 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగి కొత్త కమిటీలు వచ్చాయి కాబట్టి అడగటానికి మనుషులున్నారు. ఎగువ మురుగు ఏ సంఘం కిందికి వస్తుందో కనుక్కుని, పంట మొదట్లో జరిగే సమావేశంలో మూడే మాటలు పెట్టించండి. యూరియా, గుళిక, కలుపు మందు వేసిన వారం రోజులు మడి గండి తెరవకూడదు. చెరువు నింపే తేదీలు పది రోజుల ముందే ఎగువ ఊళ్లలో దండోరా వేయించాలి. ఆ పది రోజుల్లో ఎగువన మందు పని పెట్టుకోకూడదు. సంఘం రాతపూర్వకంగా ఒప్పుకుంటే, రేపు ఎవరైనా కావాలని వదిలినప్పుడు ‘నాకు తెలియదు’ అనే వీలుండదు. ‘తెలిసీ’ అన్న మాటకి రుజువు అలా పుడుతుంది.

మీరు సమావేశానికి వెళ్లినప్పుడు చట్టంతో మొదలుపెట్టకండి. అర బస్తా లెక్కతో మొదలుపెట్టండి. వరి మడిలో వేసిన నత్రజనిలో పైరుకి అందేది మూడో వంతు నుంచి 40 శాతం దాకానే. మిగతాది ఎక్కడికి పోతోందో అడిగితే వాళ్లే మాట్లాడతారు.

చేపలు చనిపోయింది మందు వల్లేనా అన్నది కూడా మీరు తేల్చుకోవాలి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ, పెద్దవి ముందు చనిపోతే ప్రాణవాయువు తగ్గిందని అర్థం, నాచు ఎక్కువైన చెరువుల్లో అలా అవుతుంది. ఏ వేళనైనా, చిన్న చేప, రొయ్య, నీటి పురుగు ముందు పోతూ, బతికున్నవి గింగిరాలు తిరుగుతుంటే మందుని అనుమానించాలి. ఈసారి జరిగితే వేళ రాసుకోండి, వీడియో తీయండి. ఆ రోజు ఆ నీళ్లు ఊరికి వదలొద్దని పంచాయతీకి చెప్పండి. కాచి తాగుతున్నాం కదా అని ధీమా పడొద్దు. కాచితే క్రిములు చస్తాయి, నైట్రేటు పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. నైట్రేటు హద్దు లీటరుకి 45 మిల్లీగ్రాములు. ఆరు నెలల లోపు పసిబిడ్డలకి పాలు కలిపే నీళ్ల విషయంలో మరీ జాగ్రత్త, ఒంట్లో ప్రాణవాయువు అందక నీలంగా మారే ప్రమాదం వాళ్లకే ఎక్కువ.

మీ చెరువు నీళ్ల పాత పరీక్ష ఫలితాలు గ్రామీణ నీటి సరఫరా విభాగం నుంచి సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. పంచాయతీల దగ్గరుండే కిట్టుతో నైట్రేటు మీరే చూడొచ్చు, పురుగు మందు మాత్రం కిట్టుకి చిక్కదు, ల్యాబే దిక్కు. మీరు తీసిన నమూనా కోర్టులో ఒక రైతు మీద సాక్ష్యంగా నిలవకపోవచ్చు గానీ, ఆర్డీఓ ముందు, సంఘం ముందు బాగా పనిచేస్తుంది. పురుగు మందుకి ముదురు రంగు గాజు సీసానే వాడాలి, ప్లాస్టిక్ సీసా మందుని పీల్చుకుంటుంది. మూడు చోట్ల తీయండి: బోదె కలవకముందు కాలువలో, కలిశాక వంద అడుగుల దిగువన, చెరువు తూము దగ్గర. సీసా మూతి దాకా నింపి, తేదీ, వేళ, చోటు రాసి, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకి చేర్చండి. నైట్రేటుకైతే మామూలు సీసా చాలు, అదీ చల్లగా ఉంచి మర్నాటికల్లా ఇవ్వాలి. ఆగస్టులో ఎగువన రెండో దఫా యూరియా చల్లిన రెండో రోజునే తీయండి. నెలాఖరున తీరిగ్గా తీస్తే నీళ్లు శుభ్రంగా ఉన్నాయనే వస్తుంది.